బొట్టు పెట్టని స్విచ్చి

మా వదిన పోయిందని మనవరాలు ఫోను చేసినప్పుడు నేను అడిగిన మొదటి మాట, "మిషను ఆపి ఉందా?" అని. ఎట్లా పోయింది, ఎప్పుడు పోయింది అని కాదు.

"ఆపే ఉంది అమ్మమ్మా. మెయిన్ కూడా దించేసినా," అంది అది ఏడుస్తూనే. ఆ మాట విన్నాకే పక్కనున్న కుర్చీలో కూలబడ్డాను.

చావు కబురుకు ఇదేం పలకరింపని మీకు అనిపించవచ్చు. తరువాత నాకూ అనిపించింది. ఆలోచించి చూస్తే అది నా మాట కాదు, ఆమె మాట. షెడ్డు నుంచి ఇంటికి ఎవరొచ్చినా మా వదిన ముందు ఆ ముక్క అడిగి, జవాబు విని, ఆ తరువాతే మంచినీళ్ళు ఇచ్చేది. నిద్రలోనే గుండె ఆగిందట. ఆ సంగతి ఆమెకే ఎవరైనా చెప్పగలిగి ఉంటే, "సరే, మిషను ఆపినారా?" అనే అడిగేది.

వదిన అంటే నా కూతురి అత్తగారు. వియ్యపురాళ్ళం ఒకరినొకరం వదినా అని పిలుచుకోవడం మా వాడుక. వాళ్ళు తరతరాలుగా పుదుచ్చేరిలో స్థిరపడిన తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, అక్షరాలు మాత్రం రావు. నేను నెల్లూరులో చదువుకొని ఇక్కడికి కోడలిగా వచ్చినదాన్ని, ఒక ఆఫీసులో ఆడిట్టు విభాగంలో పనిచేసి రిటైరైనదాన్ని. ఎప్పుడైనా నేను రాసుకున్నది చదివి వినిపిస్తే ఆమె కాసేపు ఓర్చుకొని, "చాలు వదినా, నీ తెలుగు గుచ్చుకుంటా ఉండాది," అనేది. కనుక ఇది ఆమె బతికి ఉన్నా చదివేది కాదు. మీరు చదవండి.

మేట్టుపాళయం పారిశ్రామిక వాడలో వాళ్ళకు ఒక చెక్కపని షెడ్డు ఉంది. ఒక పక్క ప్లాస్టిక్ బిందెలు పోసే కంపెనీ, ఇంకో పక్క గోడౌను. మా అన్నయ్యగారు, అంటే ఆమె భర్త, జబ్బుచేసి పోయాక షెడ్డును ఆమే నడిపింది. ఊళ్ళో సముద్రం వైపు ఉన్న పాత ఇళ్ళకు కిటికీ తలుపులు చేయడం వాళ్ళ పని. వాలుగా అమర్చిన చెక్క పట్టీల్లోంచి గాలి వస్తుంది, ఎండ రాదు. అటువంటి తలుపులు. పట్టీలన్నీ ఒకే మందంలో కోయడానికి షెడ్డులో గోడకు దగ్గరగా ఒక రంపం మిషను ఉంటుంది. ఇనుప బల్ల, బల్ల మధ్య చీలికలోంచి పైకి లేచిన గుండ్రటి బ్లేడు. తిరిగేటప్పుడు దాని పళ్ళు కనపడవు. ఏమీ లేనట్టు, ఉత్త గాలి ఉన్నట్టు ఉంటుంది. నాకు దాన్ని చూస్తే మొదటినుంచీ భయం.

ఆమెకూ అంతే. అదే విచిత్రం. ఆ మిషను మీద అన్నం తిన్న మనిషి ఆ మిషనంటే వణికేది.

షెడ్డులో అడుగుపెట్టిన ఆడవాళ్ళు ఎవరైనా గాజులు తీసి గుమ్మం పక్కన మేకుకు తగిలించాల్సిందే. పైట బిగించి దోపాలి. మిషను దగ్గర పనిచేస్తున్న మనిషిని వెనకనుంచి పిలవకూడదు. చుట్టూ తిరిగి వెళ్ళి ఎదురుగా నిలబడాలి, వాళ్ళు చూసి చెక్క పలక పక్కన పెట్టాక మాట్లాడాలి. ఇల్లంటుకుందని చెప్పాలన్నా అంతే. మేస్త్రీకి పొద్దున్నే ఏమైనా కోపం వచ్చిందంటే ఆ పూట రంపం ముట్టుకోనిచ్చేది కాదు. "పో, పోయి ఉప్పుకాగితం పట్టు. కోపం అరిగేదాకా రుద్దు," అనేది.

అన్నిటికన్నా వింత, కరెంటు పోయినప్పుడు. మేట్టుపాళయంలో కరెంటు పోవడం, రావడం మామూలే. ఫ్యాను ఆగీ ఆగకముందే మా వదిన ఎక్కడున్నా సరే, "మెయిన్!" అని కేక పెట్టి పరుగెత్తేది. గోడకున్న మెయిన్ పిడి కిందికి దించి, దాన్ని పట్టుకొని అక్కడే నిలబడేది. కరెంటు వచ్చి, అందరూ మిషనుకు దూరంగా ఉన్నారని కళ్ళతో చూసుకున్నాకే పైకెత్తేది. అన్నం తింటూ ఎంగిలి చేత్తో పరుగెత్తడం నేనే చూశాను. పక్క కంపెనీ వాళ్ళు వినేలా నవ్వేవాళ్ళు. ఇంట్లోవాళ్ళం వినపడకుండా నవ్వేవాళ్ళం.

ఆ షెడ్డులో ఎవరికీ ఎప్పుడూ ఏమీ కాలేదు. అందుకే మాకు నవ్వొచ్చేది. ఏదైనా అయి ఉంటే ఎవరు నవ్వుతారు?

ఆమె భయం షెడ్డుతో ఆగేది కాదు. ఒక ఏడు వీరాంపట్టినం తేరుకు, అంటే రథోత్సవానికి, అందరం వెళ్ళాం. మనవరాలు అప్పుడు చిన్నది. తేరు కదలగానే జనం చక్రాల పక్కకు తోసుకుపోతున్నారు. మా వదిన పిల్ల మణికట్టు పట్టుకొని, జనానికి ఎదురీది, తాడు లాగేవాళ్ళకు కనపడేలా ముందువైపు తీసుకెళ్ళి నిలబెట్టింది. "తేరుకైనా రంపానికైనా ఎనకనించి పోబాక పాపా. దానికి మనం తెలవదు. లాగేవాడికన్నా కనపడాల," అంది. ఇంటికొచ్చాక చూస్తే పిల్ల మణికట్టు మీద ఆమె వేళ్ళ గుర్తులు ఎర్రగా తేలి ఉన్నాయి. నేను కోప్పడ్డాను. "పోతాయిలే వదినా. ఆ గుర్తులు పోయేవే," అంది.

ఆ మనవరాలే లాస్‌పేటలో డిప్లొమా పూర్తిచేసి, ఉద్యోగానికి పోను, జేజితో, అంటే నాయనమ్మతో, షెడ్డులో కూర్చుంటానంది. వాళ్ళమ్మ, అంటే నా కూతురు, ఊరుకుంది. నేను ఊరుకోలేదు. పిల్లను వెనక్కి తీసుకురావాలని తీర్మానించుకొని ఆటోలో నేరుగా షెడ్డుకు వెళ్ళాను.

"వేలు తెగితే దాన్ని ఎవరు చేసుకుంటారు వదినా?" అన్నాను.

"పెండ్లికి ఒక వేలు చాలు, ఉంగరానికి. రంపానికి పదీ కావాల. నేనే ఎక్కువ కాపాడతా," అంది ఆమె.

"నవ్వులాట కాదు."

"నేను నవ్వినానా? నా మొగం చూడు."

చూశాను. నిజంగానే నవ్వు లేదు. "వొద్దని నేనూ చెప్పినా," అంది గొంతు తగ్గించి. "వినలే. భయంగా ఉండాది వదినా. అందుకే నా పక్కనే పెట్టుకున్నా. ఇంకొకరి షెడ్డుకు పోయిందనుకో, ఆడ భయపడేవాళ్ళు ఉంటారో లేదో."

ఈ మాట అంటుండగానే జరిగింది. మనవరాలు రంపం దగ్గర ఒక పలక కోయడం ముగించి, పక్కకు వంగి, గోడమీది స్విచ్చిపెట్టెలో ఎర్ర బటను నొక్కింది. మిషను ఆగలేదు. ఇంకోసారి నొక్కింది. ఆగలేదు. అది మా వైపు చూసింది. పలక పక్కన పెట్టేసిందేగాని చేతులు ఇంకా బల్ల మీదే ఉన్నాయి, బ్లేడుకు జానెడు దూరంలో. నేను అరవబోయాను.

"చేతులెత్తు!" అంది మా వదిన, ఎదురుగా నడుస్తూనే. "పైకెత్తు పాపా, రెండూ. ఎత్తి ఎనక్కి రా. నన్నే చూస్తా రా." అది చేతులెత్తి, ఆమెనే చూస్తూ, వెనక్కి వచ్చింది. అప్పుడు ఆమె మెయిన్ దగ్గరికి పరుగెత్తింది. నిజానికి అది పరుగు కాదు. మోకాళ్ళు పట్టేసిన మనిషి గోడ పట్టుకొని ఈడ్చుకుంటూ పోయే నడక. నేను మొదటిసారి గమనించాను, ఆమె పరుగెత్తలేకపోతోందని. పిడి దించింది. బ్లేడు ఈలవేస్తూ, మెల్లగా, చాలాసేపటికి ఆగింది. పళ్ళు ఒక్కొక్కటే కనపడడం మొదలుపెట్టాయి.

మేస్త్రీ స్విచ్చిపెట్టె మూత విప్పాడు. లోపల చూశాడు. ఒక సన్నటి ఉలి తెచ్చి బటను అంచు చుట్టూ గీకాడు. గట్టిపడిన గంధం పెచ్చులు పెచ్చులుగా రాలింది. దాంట్లో కుంకుమ, రంపపు పొట్టు కలిసి ఇటుకరంగులో ఉంది.

ఆయుధపూజకు ఈ ఊళ్ళో ప్రతి పనిముట్టుకూ గంధం, కుంకుమ పెడతారు. సుత్తి నుంచి లారీ దాకా. మా వదిన రంపం మిషనుకు బొట్టు పెట్టేది స్విచ్చి మీదే. ఇనుప బల్లకు పెడితే ఏం లాభం, మిషను లేచేది, పడుకునేది ఆ బటనులోనే కదా అని ఆమె లెక్క. ఏటేటా రెండు బటన్ల మీదా నిండుగా, తడి గంధం, దాని మీద కుంకుమ. అది ఆరి, సందులోకి దిగి, మీద పొట్టు చేరి, మరుసటి ఏడు దాని మీదే మళ్ళీ తడి గంధం. ఎర్ర బటను లోపలికి దిగే దారి కొంచెం కొంచెంగా పూడుకుపోయింది. నొక్కితే దిగినట్టే ఉంటుంది. పూర్తిగా దిగదు.

మా వదిన ఆ పెచ్చులను అరచేతిలోకి తీసుకొని చూసింది. "నా చేత్తోనే," అంది. ఆ పెచ్చులు పారేయడానికీ ఆమెకు చెయ్యి రాలేదు, పూజలో పెట్టినవి కదా. ఒక కాగితంలో పొట్లం కట్టి కొంగున ముడి వేసుకుంది. పిల్లను వెనక్కి తీసుకుపోవడానికి వచ్చిన నేను ఆ మాటే ఎత్తలేకపోయాను.

కొత్త స్విచ్చి కొనాలి. కిటికీ తలుపుల పని ఒకటి చేతిలో ఉంది, ఇంటివాళ్ళు తొందరపెడుతున్నారు. ఏదో ఒకటి మామూలు స్విచ్చి వేసి పని కానిద్దామన్నాడు మేస్త్రీ. మా వదిన ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. ఇద్దరం ఒకే మాట మీద నిలబడడం అరుదని మనవరాలు తరువాత అంది. మోటారు మీద రంగు కింద కప్పబడిపోయిన రేకుబిళ్ళను నేను రూపాయి బిళ్ళతో గీకి, దాని బలమెంత, ఎంత కరెంటు లాగుతుంది, అన్నీ కాగితం మీద ఎక్కించుకున్నాను. ముగ్గురం పెద్ద మార్కెట్టు వెనక వీధిలో ఎలక్ట్రికల్ సామాన్ల అంగడికి వెళ్ళాం.

అంగడాయన ముందు ఒక గట్టి పిడి ఉన్న స్విచ్చి తీసి బల్ల మీద పెట్టాడు. ఇటు తిప్పితే ఆన్, అటు తిప్పితే ఆఫ్.

"ఇది రొంబ సౌకర్యం అక్కా. కరెంటు పోయినా మీరు లేచి రానక్కర్లేదు. వచ్చిన వెంటనే మిషను దానంతట అదే తిరుగుతుంది," అన్నాడు తమిళంలో.

మా వదిన ఒక వేలితో ఆ స్విచ్చిని, వేడి గిన్నెను తోసినట్టు, ఆయన వైపు తోసింది. "దీన్ని లోపల పెట్టు."

"ఏమక్కా?"

"కరెంటు పోతే నువ్వేం చేస్తావు?"

"బయటికొచ్చి కూచుంటాను, గాలికి."

"మా షెడ్డులో ఏం చేస్తారో చెప్పనా? బ్లేడు ఆగింది గదా అని సందులో పొట్టు తీస్తారు. చేత్తో. తల వొంచుకొని. అప్పుడు వస్తాది నీ కరెంటు."

అంగడాయన బల్ల మీదున్న తన చెయ్యి మెల్లగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

రెండోది ఒక పెట్టె, ఆకుపచ్చ బటను, ఎర్ర బటను. పాతదానిలాగే ఉంది గాని లోపల తేడా. దీంట్లో ఒక తీగచుట్ట ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపే అది లోపలి పట్టును బిగించి ఉంచుతుంది. కరెంటు పోతే వదిలేస్తుంది. మళ్ళీ కరెంటు వచ్చినా దానంతట అది పట్టుకోదు. మనిషి వచ్చి ఆకుపచ్చ బటను నొక్కితేనే మిషను కదులుతుంది.

"అంటే పోయినప్పుడు పడుకుంటాది, వచ్చినప్పుడు లేవదు," అంది మా వదిన.

"అంతే అక్కా."

"అట్లాంటిదే కావాల."

అది మా మోటారును మోయగలదా లేదా అన్నది నా పని. పెట్టె మీది అంకెలన్నీ ఆయన చేత చదివించి నా కాగితంతో సరిచూశాను. తీగచుట్ట మా షెడ్డుకు వచ్చే కరెంటుకు సరిపోయేదేనా అని అడిగాను. చూసి చెబుతానన్నాడు. చూసేదాకా కూర్చున్నాను.

"అమ్మ టీచరా?" అని మనవరాలిని అడిగాడు.

"కాదు, ఆడిట్టు."

"అదే అనుకున్నా," అన్నాడు నిట్టూర్చి.

అంతటితో అయిపోయిందనుకున్నాం. మా వదిన ఎర్ర బటను మీద వేలు పెట్టి చూస్తోంది. అది పెట్టెకు సమంగా, లోపలికి ఉంది. "పాపా, ఇట్ల రా," అంది. "రెండు చేతుల్తో పలక పట్టుకో."

"యాడుంది పలక?"

"ఉండాదనుకో. నెడతా ఉండావు. పలక ఇరుక్కుంది. చేతులు తీస్తే నీ మీదికే ఎగురుతాది. ఇప్పుడు దేంతో ఆర్పుతావు?"

"జేజీ, అందరూ చూస్తా ఉండారు."

"చూడనీ. వేళ్ళు పోతే అప్పుడూ చూస్తారు. దేంతో ఆర్పుతావు?"

మనవరాలు లేని పలకను రెండు చేతులా పట్టుకొని, సిగ్గుతో చచ్చిపోతూ, నడుముతో ఆ పెట్టెను పొడిచింది. బటను లోపలికి ఉంది కదా, అందలేదు. అంగడికి వచ్చిన ఇద్దరు ముగ్గురు నవ్వారు. మా వదిన నవ్వలేదు. "నడుముకు అందేది కావాల. పెద్దది. పుట్టగొడుగులాగా బయటికి ఉండేది. కళ్ళు మూసుకొని గుద్దినా ఆగాల," అంది.

అటువంటిది చెన్నై నుంచి తెప్పించాలన్నాడు. తెప్పించమంది. అది వచ్చేదాకా షెడ్డుకు తాళం వేసింది. తలుపులు చేయించుకునే ఇంటివాళ్ళు ఫోన్లు చేసి చేసి చివరకు వేరేచోట చేయించుకున్నారు. మేస్త్రీ మొగం మాడ్చుకున్నాడు. ఆమె కొడుకు, అంటే నా అల్లుడు కూడా, "ఒక స్విచ్చి కోసమా అమ్మా?" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం తాళం వేసిన షెడ్డు ముందు ఇద్దరం ముక్కాలిపీటల మీద కూర్చున్నాం. పక్క కంపెనీలో బిందెలు పోస్తున్న చప్పుడు. అప్పుడంది, మోకాళ్ళు నిమురుకుంటూ: "ఇన్నేండ్లు కరెంటు పోతే నేను పరిగెత్తినా వదినా. ఇంక నా చేత కాదు. రేపు నేను లేకుండా పోతే ఈ పిల్లకోసం ఎవరు పరిగెత్తేది? అందుకే ఆ స్విచ్చి."

ఏం చెప్పినా అది ఓదార్పు మాట అవుతుంది, ఆమెకు ఓదార్పులంటే గిట్టదు.

స్విచ్చి వచ్చింది. ఎక్కడ బిగించాలన్న దాని మీద ఒక పూటంతా గడిచింది. గోడ మీద వద్దు, దాన్ని అందుకోవడానికే కదా పిల్ల పక్కకు వంగింది. బ్లేడు మీదుగా చెయ్యి చాపే అవసరం రాకూడదు. చివరకు మనవరాలు పనిచేసేటప్పుడు ఎక్కడ నిలబడుతుందో అక్కడ నిలబెట్టి, నడుము ఎత్తుకు సుద్దతో గీత గీసి, బల్ల ముందు కాలికి బిగించారు. తరువాత పరీక్ష. చెక్క లేకుండా మిషను వేశారు. మా వదిన మెయిన్ దించింది. బ్లేడు ఆగింది. అందరినీ గోడకు ఆనుకొని నిలబడమంది. మెయిన్ ఎత్తింది.

ఫ్యాను తిరిగింది. లైటు వెలిగింది. బ్లేడు కదల్లేదు.

ఆమె నమ్మలేదు. మళ్ళీ వేయించింది, మళ్ళీ దించింది, మళ్ళీ ఎత్తింది. మేస్త్రీ విసుక్కునేదాకా. "నాకోసం కాదు మేస్త్రీ, దానికి అలవాటు కావాల," అంది, మిషను వైపు చూపించి.

ఆ వెనకే ఆయుధపూజ వచ్చింది. గంధం గిన్నె చేతిలో పట్టుకొని మిషను ముందు నిలబడి ఆమె పడ్డ అవస్థ నేను మరిచిపోలేను. బొట్టు పెడితే ఏమవుతుందో ఆమె కళ్ళారా చూసింది. పెట్టకపోతే ఏమవుతుందో చూడలేదు. చూడని భయం ఎక్కువ. బల్లకు పెడదామా అన్నాడు మేస్త్రీ. "మిషను లేచేది బల్లలో కాదే," అంది. గంధం నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. చివరికి మనవరాలిని పిలిచి, "చేతులు చాపు," అంది. రెండు చేతుల వెనకా, ముంజేతికి కొంచెం కింద, గంధం రాసి కుంకుమ దిద్దింది. "మిషను లేచేది ఈడ," అంది. చేతులకు హారతి ఇచ్చింది.

పూజకు వచ్చిన ఆమె ఆడబిడ్డకు అది నచ్చలేదు. "అన్న ఉండగా ఎప్పుడైనా ఇట్ల చేసినారా? బొట్టు లేని మిషను ముండమోపి మిషను," అంది అందరిముందూ. మా వదిన గిన్నె కింద పెట్టి, "నేనూ ముండమోపినే గదా, బాగా నడుస్తా ఉండా," అంది. అందరూ నవ్వారు. ఆమె మాత్రం ఆ పూటంతా మిషను దగ్గరే తిరుగుతూ కనపడింది.

ఆ తరువాత ఏడాది తిరగకుండానే ఆమె పోయింది.

కర్మలు అయ్యాక షెడ్డు తెరిచారు. నేనూ వెళ్ళాను. మా కూతురి వాళ్ళకు ఏడాది దాకా పండగలూ పూజలూ లేవు. కాని మూతపడిన మిషను బొట్టు లేకుండా తిరగకూడదని ఆడబిడ్డ పట్టు. గంధం గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మీకు పట్టింపు లేదు గదా అక్కా, మీరు పెట్టండి. ఈసారన్నా దాని చోట దానికి పెట్టండి. పోయినసారి పెట్టలే. ఏమైందో చూసినారు గదా."

మేస్త్రీ తల వంచుకున్నాడు. మనవరాలి మొగం పాలిపోయింది. ఆ మాట అది అప్పుడే మొదటిసారి వినడం కాదని ఆ మొగం చూస్తే తెలిసింది. తనే అనుకుని ఉంటుంది, ఒక్కతే ఉన్నప్పుడు.

నేను శకునాలు నమ్మే మనిషిని కాను. అయినా చేతిలో గిన్నె ఉండగా, ఎదురుగా ఆ ఎర్ర బటను ఉండగా, నాకు చెమట పట్టింది. పెట్టకుండా వచ్చేసి రేపు ఈ పిల్లకు ఏదైనా అయితే? ఆడబిడ్డ అనే మాట అటుంచండి, నేను నన్నేమంటాను? ఒక్క చుక్క, ఊరికే పైపైన పెడితే ఏం పోతుంది? పోయిన మనిషి కూడా ఏటేటా అట్లాగే అనుకొని ఉంటుంది. ఒక్క చుక్కే కదా అని. ఆమె భయాన్ని దూరం నుంచి చూసి నవ్వినదాన్ని, అది నా చేతిలోకి వచ్చేసరికి ఎంత బరువో తెలిసింది. ఆమె దీన్ని ఇన్నేళ్ళు ఒక్కతే మోసింది.

మనవరాలిని వెనకనుంచి పిలవలేదు. చుట్టూ తిరిగి వెళ్ళి దాని ఎదురుగా నిలబడ్డాను. "చేతులు చాపవే," అన్నాను.

అది చాపింది. గంధం రాశాను. గంధం వంకరపోయింది. కుంకుమ దిద్దాను. ఆడబిడ్డ ఏదో అనబోయింది. "మిషను లేచేది ఇక్కడ అమ్మా. మా వదిన మాట," అన్నాను. ఆమె ఆ చేతులను చూసి, నా చేతిలోని గిన్నె తీసుకుంది.

పని మొదలైంది. ఇంకా రెండు పలకలు కూడా కోయలేదు, కరెంటు పోయింది. ఆ వాడలో మామూలే. ఫ్యాను ఆగింది. నా కాళ్ళు వాటంతటవే మెయిన్ వైపు పరుగెత్తబోయాయి. సగంలో ఆగి వెనక్కి చూశాను. మనవరాలు రెండు చేతులూ పైకెత్తి, మిషనుకు దూరంగా, వెనక్కి అడుగులు వేస్తోంది. ఎవరూ చెప్పలేదు. షెడ్డంతా గోడలకు ఆనుకొని నిలబడి ఎదురుచూశాం. పక్క కంపెనీలో ఎవరో మాట్లాడుకుంటున్నారు.

కరెంటు వచ్చింది. లైట్లు వెలిగాయి. ఫ్యాను తిరిగి, నేల మీది పొట్టు లేచింది. గుమ్మం పక్కన మేకుకున్న గాజులు ఆ గాలికి ఒకదానికొకటి తగిలి మోగాయి.

బ్లేడు కదల్లేదు. దాని పళ్ళన్నీ లెక్కపెట్టవచ్చు, అంత స్పష్టంగా కనపడుతున్నాయి.

సాయంత్రం పని ముగించి, మెయిన్ దించి, మనవరాలు మేకు దగ్గరికి వెళ్ళింది. ఒక్కో గాజూ తీసి, వేళ్ళు దగ్గరికి ముడిచి, చేతికి ఎక్కించుకుంది. ఆరిన గంధం గాజుల కింద పొడిపొడిగా రాలింది. నేను గుమ్మంలో, దానికి కనపడేలా, ఎదురుగా నిలబడి ఉన్నాను.